రష్యా డబ్బు బెల్జియంలో ఆపేశారంటే అసలు ఏం చేసినట్టు? డబ్బుతో యుద్ధం ఆగిన సందర్భం ఒక్కటైనా ఉందా?

కంకిపాడు_ఎక్స్‌ప్రెస్

అందరికీ నమస్కారం. నాది కామర్స్ కాదు, బీఎస్సీ కెమిస్ట్రీ. గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నా. రెండు డౌట్లు ఎక్కడ వెతికినా తీరడం లేదు.

2022లో రష్యా సెంట్రల్ బ్యాంకు డబ్బు దాదాపు 30,000 కోట్ల డాలర్లు ఫ్రీజ్ చేశారని, అందులో ఎక్కువ భాగం బెల్జియంలో ఉందని ప్రతి మెటీరియల్‌లోనూ ఉంది. డబ్బు రష్యాది అయినప్పుడు బెల్జియం ఆపడమేంటి? నోట్ల కట్టలు అక్కడ బీరువాలో ఉన్నాయా? అసలు అంత డబ్బు పరాయివాళ్ల దగ్గర ఎందుకు పెట్టారు? కోచింగ్‌లో సార్‌ని అడిగితే "స్విఫ్ట్ నుంచి తీసేశారు, అంతే" అని తర్వాతి టాపిక్‌కి వెళ్లిపోయారు.

రెండోది. ఆంక్షల గురించి ఏ వ్యాసం చూసినా క్యూబా లొంగలేదు, ఇరాన్ లొంగలేదు, రష్యా లొంగలేదు అనే ఉంటుంది. మరి ఇంత హడావుడి దేనికి? డబ్బు పేరు చెప్పి ఒక దేశం మెడలు వంచిన సందర్భం, అదీ యుద్ధం ఆగిపోయేంత స్పష్టంగా, ఒక్కటైనా ఉందా?

డాలర్_డౌన్‌డౌన్

ఇందులో అర్థం చేసుకోవడానికి ఏముంది తమ్ముడూ, బలవంతుడిదే రాజ్యం. అమెరికావాడు ఇష్టమొచ్చినప్పుడు లాక్కుంటాడు. అందుకే అందరూ రూపాయల్లో, యువాన్లలో వ్యాపారం మొదలుపెట్టారు. ఇంకో ఐదేళ్లు ఆగు, డాలర్ పని అయిపోతుంది. నీ మెయిన్స్ రిజల్ట్ వచ్చేలోపే అయిపోవచ్చు.

ఫారెక్స్‌సీటు_రిటైర్డ్

బాబూ, ముందు బీరువా సంగతి తేల్చేద్దాం.

నేను వైజాగ్‌లో ఒక ప్రభుత్వ బ్యాంకు బ్రాంచిలో ఫారెక్స్ సీటులో చాలా ఏళ్లు కూర్చున్నాను. మా కస్టమర్లలో ఎక్కువమంది రొయ్యల ఎగుమతిదారులు. ఇక్కడి పోర్టులో కంటెయినర్ ఎక్కుతుంది, దుబాయ్‌లో దిగుతుంది, కొన్నవాడు డాలర్లు కడతాడు. ఆ డాలర్లు దుబాయ్ నుంచి వైజాగ్ వస్తాయని అందరూ అనుకుంటారు. రావు. దుబాయ్ బ్యాంకుకి న్యూయార్క్‌లో ఒక ఖాతా ఉంటుంది. మా బ్యాంకుకీ న్యూయార్క్‌లో ఒక ఖాతా ఉంటుంది, దాన్ని మేం నోస్ట్రో అంటాం. వాళ్ల ఖాతాలో తగ్గుతుంది, మా ఖాతాలో పెరుగుతుంది. పార్టీకి మేం ఇక్కడ రూపాయలు జమ చేస్తాం. డాలరు మాత్రం న్యూయార్క్ గడప దాటదు. ఫలానా ఖాతాకి ఇంత వేయండి అని బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే సందేశాల వ్యవస్థ పేరు స్విఫ్ట్. దాని ప్రధాన కార్యాలయం కూడా బెల్జియంలోనే ఉండటంతో మీ సార్ రెండూ కలిపేసినట్టున్నారు. స్విఫ్ట్‌లో సందేశాలే ఉంటాయి, సొమ్ము ఉండదు.

ఒకసారి మా పార్టీ ఒకరి బిల్లు రియలైజ్ కాలేదు, అంటే డబ్బు మా ఖాతాలో పడలేదు. సరుకు చేరింది, అవతలివాడు కట్టేశాడు, కాగితాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. న్యూయార్క్‌లో మధ్యనున్న బ్యాంకు ఆపేసింది. కొన్న కంపెనీ పేరులో ఒక మాట, అమెరికా ట్రెజరీ నిషేధ జాబితాలో ఉన్న ఇంకెవరి పేరుతోనో కలిసిందట. ప్రశ్నలు వచ్చిపడ్డాయి. ఓడ పేరేంటి, దాని ఐఎంఓ (ఓడ గుర్తింపు) నంబరేంటి, దారిలో ఏ రేవుల్లో ఆగింది, కొన్న కంపెనీ యజమానులెవరు, సరుకు చివరికి ఏ దేశానికి చేరుతుంది. ఏం సరుకండీ అది? గడ్డకట్టించిన వనామీ రొయ్యలు! ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్, కంపెనీ రిజిస్ట్రేషన్ కాపీ అన్నీ పంపాం. జవాబు లేదు. మా పార్టీ రోజూ బ్రాంచి తెరవగానే వచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చునేవాడు. ప్యాకింగ్ క్రెడిట్, అంటే ఎగుమతికి ముందు తీసుకున్న అప్పు మీద వడ్డీ పెరుగుతోంది, చెరువుల రైతులకి బాకీ ఉంది, ఇంటికెళ్తే వాళ్లు గుమ్మంలో ఉన్నారు. నేను రోజూ కంప్యూటర్ అతని వైపు తిప్పి "చూడండి, ఇంకా రాలేదు" అని చూపించేదాన్ని. చివరికి క్లియర్ అయింది, మాటవరసకి కూడా సారీ లేదు.

అమ్మినవాడు ఆంధ్రావాడు, కొన్నవాడు దుబాయ్‌వాడు. రిజర్వు బ్యాంకుకి అభ్యంతరం లేదు, దుబాయ్‌కి లేదు. ఆ రొయ్యకీ అమెరికాకీ ఉన్న చుట్టరికం ఒక్కటే, బిల్లు డాలర్లలో ఉంది.

ఇప్పుడు రష్యాకి రండి. చమురు, గ్యాస్ అమ్మితే యూరోలు వచ్చాయి. యూరో అనేది యూరప్ బ్యాంకుల పుస్తకాల్లో అంకె. దాన్ని ఊరికే ఉంచరు కదా, ప్రభుత్వాల బాండ్లు కొన్నారు. ఆ బాండ్లు ఎవరివో లెక్క రాసిపెట్టే సంస్థ యూరోక్లియర్, బ్రస్సెల్స్‌లో ఉంటుంది. 2022 ఫిబ్రవరి చివర్లో యూరప్, అమెరికా చేసిందల్లా ఒక్కటే, ఈ ఖాతాలో పైసా కదపవద్దని ఆదేశం. బాండ్లు గడువు తీరి నగదయ్యాయి, ఆ నగదు అక్కడే గుట్టపడింది. దాని మీద వచ్చే ఆదాయాన్ని చూపించి 2024లో జీ-7 దేశాలు ఉక్రెయిన్‌కి 5,000 కోట్ల డాలర్ల అప్పు ఏర్పాటు చేశాయి. అసలు రష్యా పేరనే ఉంది, ఫలం ఇంకొకరికి. 2014లో క్రిమియా గొడవ తర్వాత రష్యా డాలర్లు తగ్గించుకుని బంగారం, యువాన్లు పెంచుకుంది. అవి దక్కాయి. యూరప్ కూడా ఇంత పని చేస్తుందని మాస్కో అనుకోలేదు.

ఇది కొత్త విద్య అనుకోకండి. మనకే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మన దగ్గర సరుకు, సేవలు వాడుకుని, బదులు లండన్‌లో మన పేరున పౌండ్లు రాసిపెట్టింది. 1947 ఆగస్టు నాటికి అవి దాదాపు 116 కోట్ల పౌండ్లు. స్వాతంత్ర్యానికి ఒక రోజు ముందు, ఆగస్టు 14న, ఒప్పందం చేసుకున్నారు. నంబర్ 1 ఖాతా, నంబర్ 2 ఖాతా. మనం వాడుకోగలిగింది నంబర్ 1లోది. అందులో ఆ ఏడాది చివరిదాకా వేసింది 3.5 కోట్ల పౌండ్లు, చేతి ఖర్చుకి ఇంకో 3 కోట్లు. మిగతాదంతా నంబర్ 2లో, లండన్ ఒప్పుకుంటేనే కదలాలి. అప్పు ఇచ్చినవాళ్లం మనం, బతిమాలుకున్నదీ మనమే. బ్రిటన్‌కి మన మీద పగ ఉండి కాదు, కట్టే స్తోమత లేక. అయినా పుస్తకం ఎవరి చేతిలో ఉందో వాళ్ల మాటే చెల్లింది.

మీ రెండో ప్రశ్నకి జవాబు ఉంది. రాత్రికి రాస్తాను, మనవడిని ట్యూషన్ నుంచి తీసుకురావాలి.

భీమవరం_చెరువుగట్టు

మేడమ్, ఆ గుమ్మంలో కూర్చున్నోళ్లం మేమే :) మీరు రాసింది చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన మీద 50 శాతం సుంకం వేసింది కదా, అందులో సగం రష్యా చమురు కొంటున్నామని. కొన్నది రిఫైనరీలు, రేటు పడింది మా 30 కౌంట్ (కిలోకి 30 తూగే) రొయ్యకి. కంపెనీవాళ్లు ఫోన్లెత్తడం మానేశారు, మేతకొట్టులో అప్పు మాత్రం ఆగలేదు. ఇది కూడా మీరు చెప్పే డబ్బు ఆయుధమేనా?

ప్లేనో_పప్పుచారు

మంచి థ్రెడ్. మెయిన్స్‌వాళ్లు ఇండియా ఎదురు తిరిగిన కేసు ఒకటి రాసుకోండి. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలయ్యాక అమెరికా, జపాన్ అప్పులు ఆపాయి, వరల్డ్ బ్యాంకు లోన్లు వాయిదా పడ్డాయి. ఆగస్టులో స్టేట్ బ్యాంక్ రిసర్జెంట్ ఇండియా బాండ్స్ అని ఎన్నారైలకి అమ్మింది, ఐదేళ్లవి. 420 కోట్ల డాలర్లు వచ్చాయి. నేనప్పుడు శాన్‌హోసేలో వై2కే (2000 సంవత్సరం కంప్యూటర్ సమస్య) పని మీద ఉన్నా. నలుగురం ఒకే అపార్ట్‌మెంట్, సోఫా కూడా లేదు, ఆ బాండ్లు మాత్రం అందరం కొన్నాం. దేశభక్తి!

ఫారెక్స్‌సీటు_రిటైర్డ్

ప్లేనో గారూ, దేశభక్తికి దండం. దాంతోపాటు డాలర్ల మీద 7.75 శాతం వడ్డీ ఉందన్న సంగతి కూడా రాయండి, పిల్లలు చదువుతున్నారు. అప్పుడు అమెరికా బ్యాంకు డిపాజిట్‌లో అంత ఎక్కడ వచ్చేది? అయినా మీ ఉదాహరణ మంచిది. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు ఉన్నవాడికి ఆంక్ష అంత నొప్పి పెట్టదు. ఇంకో ముక్క, మన రాష్ట్రానిది. ఆ ఆంక్షల వేడి మీదే, 1998 జూన్ చివర్లో, వరల్డ్ బ్యాంకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 54 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు మంజూరు చేసింది. ప్రాథమిక ఆరోగ్యం, బడులు, పిల్లల పోషణ లాంటి మనిషి కనీస అవసరాలకి ఆంక్షల్లో మినహాయింపు పెట్టుకున్నారు. కేంద్రంతో కోపం కోపమే, రాష్ట్రంతో పని పనే.

ఇప్పుడు కంకిపాడు బాబు ప్రశ్న. యుద్ధం ఆగిపోయిన సందర్భం ఉంది. 1956, సూయజ్. తమాషా ఏంటంటే ఆ గొడవ మొదలైందీ డబ్బుతోనే, ముగిసిందీ డబ్బుతోనే.

ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ నైలు మీద అస్వాన్ దగ్గర పెద్ద ఆనకట్ట కట్టాలనుకున్నాడు. అమెరికా 5.6 కోట్ల డాలర్లు, బ్రిటన్ 1.4 కోట్లు ఇస్తామన్నాయి, వాటి వెనక వరల్డ్ బ్యాంకు 20 కోట్ల అప్పు. నాసర్ అటు కమ్యూనిస్టు దేశాల దగ్గర ఆయుధాలు కొన్నాడు, ఎర్ర చైనాని గుర్తించాడు. జులై 19న అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్ ఈజిప్టు రాయబారిని పిలిచి ఆ డబ్బు లేదు పొమ్మన్నాడు. సరిగ్గా వారానికి, జులై 26న, నాసర్ సూయజ్ కాలువని జాతీయం చేసి, దాని రాబడితో ఆనకట్ట కడతానన్నాడు. అప్పు ఆపి దారికి తెద్దామనుకుంటే కాలువే పోయింది. అంటే మొదటి ప్రయోగం ఘోరంగా బెడిసికొట్టింది. ఆనకట్టకి డబ్బు చివరికి రష్యావాళ్లే ఇచ్చారు.

కాలువ కంపెనీలో పెద్ద వాటా బ్రిటన్ ప్రభుత్వానిది, షేర్‌హోల్డర్లలో ఫ్రెంచివాళ్లు ఎక్కువ. రెండు దేశాలూ ఇజ్రాయెల్‌తో లోపాయికారీగా మాట్లాడుకుని అక్టోబరు 29న దాడి మొదలుపెట్టించాయి, నవంబరు మొదటి వారంలో తాము దిగాయి. అమెరికాకి ముందు చెప్పలేదు. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఎన్నిక నవంబరు 6న, హంగరీలో రష్యా ట్యాంకులు. ఆయనకి ఒళ్లు మండింది.

సైనికంగా చూస్తే ఈజిప్టు ఓడిపోతోంది. అందుకే ఈ కథని యుద్ధం పుస్తకాల్లో కాదు, బ్యాంకు పుస్తకాల్లో చదవాలి. అప్పట్లో పౌండు రేటు 2.80 డాలర్లకి కట్టేసి ఉండేది. ఆ రేటు నిలబెట్టాలంటే, ఎవరు పౌండ్లు తెచ్చి అమ్మినా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ డాలర్లు ఇచ్చి కొనాలి. చేతిలో ఉన్నది 200 కోట్ల డాలర్లకన్నా తగ్గితే పరువు పోయినట్టేనని బ్రిటన్ ట్రెజరీ లెక్క. సెప్టెంబరులో 5.7 కోట్లు పోయాయి. అక్టోబరులో 8.4 కోట్లు. నవంబరు ఒక్క నెలలో 27.9 కోట్లు. ఈ మూడు అంకెలు చాలు, సంగతంతా కనిపిస్తుంది. నవంబరు చివరికి మిగిలింది 196.5 కోట్లు, అంటే గీత దాటి కిందకి. పైగా కాలువలో ఓడలు ముంచేసి నాసర్ దారి మూశాడు, సిరియాలో పైపులైను పేల్చేశారు. గల్ఫ్ చమురు రాకపోతే అమెరికా చమురు కొనాలి, అది డాలర్లకే.

బ్రిటన్ ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) దగ్గర తన వాటా డబ్బు తీసుకుందామనుకుంది. అమెరికా ట్రెజరీ మంత్రి జార్జ్ హంఫ్రీ ముందు కాల్పులు ఆపమన్నాడు. ఆపాక, సైన్యం వెనక్కి వెళ్తేనే అన్నాడు. అమెరికా ఒక్క బ్రిటిష్ ఖాతా కూడా ఫ్రీజ్ చేయలేదు, ఒక్క ఓడని ఆపలేదు. సాయం చేయనంది, అంతే. నవంబరు 6న బ్రిటన్ ప్రధాని ఈడెన్ ప్రభుత్వం కాల్పుల విరమణకి ఒప్పుకుంది. డిసెంబరు 3న వెనక్కి వస్తామని ప్రకటించింది. డిసెంబరు 10న ఐఎంఎఫ్ 56 కోట్ల డాలర్లు చేతికిచ్చి, ఇంకో 74 కోట్ల దాకా అవసరమైతే తీసుకోమంది. క్రిస్మస్‌కి ముందే ఆఖరి సైనికుడు ఓడెక్కాడు. ఆర్థిక మంత్రి మాక్మిలన్ మొదట్లో యుద్ధం యుద్ధం అని అందరికన్నా ముందు గెంతినవాడు, డాలర్ల లెక్క చూశాక వెనక్కి తగ్గుదామన్నదీ ఆయనే. జనవరిలో ఈడెన్ పదవి దిగిపోయాక మాక్మిలనే ప్రధాని అయ్యాడు. రాజకీయం!

నాకు ఇందులో అన్నిటికన్నా రుచించేది ఫ్రాన్స్ సంగతి. అదే యుద్ధం, అదే తప్పు. కానీ ఫ్రాన్స్ దాడికి ముందే, అక్టోబరులోనే, ఐఎంఎఫ్‌తో 26 కోట్ల డాలర్లకి మాట్లాడి పెట్టుకుంది. అమెరికా దాన్ని అంతగా పిండలేకపోయింది. లండన్‌లో ట్రెజరీ పెద్ద అధికారి ఎడ్వర్డ్ బ్రిడ్జెస్ సెప్టెంబరులోనే, అమెరికా మద్దతు లేకుండా దిగితే పౌండు నిలవదని మాక్మిలన్‌కి రాసి ఇచ్చాడు. ఫైల్లో ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఆఫీసులో పనిచేసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

కంకిపాడు_ఎక్స్‌ప్రెస్

మేడమ్, చాలా థ్యాంక్స్. మా మెటీరియల్‌లో సూయజ్ అంటే నెహ్రూ, ఐక్యరాజ్యసమితి అనే ఉంది, డాలర్ల సంగతి లేదు. కానీ ఒకటి అర్థం కాలేదు. స్నేహితుడైన బ్రిటన్ వారంలో దిగివచ్చింది, శత్రువైన ఇరాన్ మీద ఇన్నేళ్లుగా ఇంతకన్నా గట్టిగా వేసినా దిగిరాలేదు. రివర్స్‌లో ఉండాలి కదా?

ఫారెక్స్‌సీటు_రిటైర్డ్

రివర్స్‌లో ఎందుకుండాలి? మీ ఇంట్లో తింటున్నవాడికే మీరు కంచం తీస్తే ఆకలేస్తుంది. అసలు మీ ఇంటికే రానివాడికి కంచం తీసినా ఒకటే, వేసినా ఒకటే.

బ్రిటన్ అప్పటికే అమెరికా అప్పుల మీద నిలబడింది, రేపూ కావాలి. అడిగింది కూడా చిన్నది, ఒక సైన్యాన్ని ఓడెక్కించమని. ప్రభుత్వం కూలినా దేశం కూలదు, పాతవాడు పోయి అదే పార్టీ కొత్తవాడు వచ్చాడు. క్యూబాని అడిగిందేంటి? నీ ప్రభుత్వాన్నే తీసేసుకో అని. ఎవడు తీసుకుంటాడు? ఇరాన్ విషయంలో కూడా కాస్త సరిచేసి చదవండి. 2012లో దాని బ్యాంకుల్ని స్విఫ్ట్ నుంచి తీశారు, చమురు అమ్మకం బాగా పడిపోయింది. అడిగింది అణు కార్యక్రమం వరకే కుదించాక 2015లో ఒప్పందం కుదిరింది. 2018లో అమెరికా తనే దాన్ని చింపేసి మళ్లీ వేసింది, ఈసారి కోరికల చిట్టా పెద్దది. ఫలితం మీకు తెలిసిందే. కట్టినా కట్టకపోయినా కొట్టేవాడి మాట ఎవరు వింటారు?

ఇరాన్ రోజులు నాకు బాగా గుర్తు. 2010 డిసెంబరులో రిజర్వు బ్యాంకు, ఆసియా దేశాల సెంట్రల్ బ్యాంకులు లెక్కలు సరిచూసుకునే ఆసియన్ క్లియరింగ్ యూనియన్ దారిలో ఇరాన్ చమురు చెల్లింపులు ఆపింది. తర్వాత జర్మనీలో ఒక బ్యాంకు, ఆ తర్వాత టర్కీలో ఒకటి, వాటితో పని సాఫీగా సాగక 2012లో కోల్‌కతా యూకో బ్యాంకులో రూపాయి ఖాతా తెరిచారు. చమురు బిల్లులో 45 శాతం రూపాయల్లో. యూకో బ్యాంకే ఎందుకు? అమెరికాలో దానికి పోగొట్టుకునే వ్యాపారం పెద్దగా లేదు. న్యూయార్క్‌లో బ్రాంచి ఉన్న బ్యాంకు ఏదీ ఆ ఖాతా ముట్టుకోదు. ముట్టుకుంటే ఏమవుతుందో 2014లో ఫ్రాన్స్ బీఎన్‌పీ పారిబా చూపించింది. సుడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీలు డాలర్లలో నడిపినందుకు దాదాపు 890 కోట్ల డాలర్ల జరిమానా. ఫ్రాన్స్ చట్టం ప్రకారం తప్పే కాదు వాటిలో చాలావరకు. ఆ వార్త వచ్చిన వారం మా హెడ్డాఫీసు నుంచి వచ్చినన్ని సర్క్యులర్లు నా సర్వీసులో చూడలేదు.

భీమవరం గారూ, మీ ప్రశ్న మర్చిపోలేదు. సుంకం వేరు, ఇది వేరు. సుంకం అంటే మా బజారులో అమ్ముకోవాలంటే ఇంత కట్టు అనడం. అది మీలాంటివాళ్ల నెత్తిన పడింది, చమురు కొనేవాడికి తగలనేలేదు, కొనుగోళ్లూ ఆగలేదు. అదే 2025 అక్టోబరు 22న అమెరికా ట్రెజరీ రాస్‌నెఫ్ట్, లూకాయిల్ అనే రెండు రష్యా కంపెనీల పేర్లు నిషేధ జాబితాలో ఎక్కించింది. నెల తిరక్కుండానే రిలయన్స్ జామ్‌నగర్‌లోని ఎగుమతి రిఫైనరీకి రష్యా ముడిచమురు ఆపేశామని ప్రకటించింది. మీ కడుపు కొడితే ఢిల్లీ కదల్లేదు. రెండు పేర్లు రాస్తే కంపెనీ తనంతట తనే కదిలింది. ఇందులో న్యాయం వెతక్కండి, దొరకదు. మేతకొట్టు అప్పు ఎలా ఉంది ఇప్పుడు?

డాలర్_డౌన్‌డౌన్

మీరు చెప్పేదంతా పాత కథ మేడమ్. రూపాయి ఖాతాలు రష్యాతో తెరిచాం కదా? ఇక న్యూయార్క్ ఎందుకు?

ఫారెక్స్‌సీటు_రిటైర్డ్

తెరిచాం. 2022 జులై 11న రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది, స్పెషల్ రూపీ వోస్ట్రో ఖాతాలు, అంటే విదేశీ బ్యాంకులకి మన దగ్గర రూపాయల్లో ఉండే ఖాతాలు. నాకూ సంతోషమే, పని చేస్తాయి కూడా. కానీ మనం రష్యా దగ్గర కొనేది కొండంత, అమ్మేది గోరంత. రూపాయలు వాళ్ల ఖాతాలో పేరుకుపోయాయి. 2023 మేలో గోవా సమావేశానికి వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్‌రోవ్, భారత బ్యాంకుల్లో మాకు బిలియన్ల కొద్దీ రూపాయలున్నాయి, వాటిని వాడుకోవాలంటే ఇంకో కరెన్సీలోకి మార్చుకోవాలి అని పైకే చెప్పాడు. ఇరాన్ రూపాయలకీ అదే గతి, బాస్మతి బియ్యం, టీ, మందులు ఎన్నని కొంటారు? రూపాయి పుచ్చుకున్నవాడు దాంతో మూడో దేశంలో సరుకు కొనుక్కోగలిగిన రోజు మీరు చెప్పిన ఐదేళ్ల లెక్క మొదలుపెడదాం.

డాలరుకి ఏమీ కాదని నేను అనడం లేదు. 2022 తర్వాత చాలా దేశాల సెంట్రల్ బ్యాంకులు బంగారం తెగ కొంటున్నాయి, మన రిజర్వు బ్యాంకు కూడా లండన్‌లో ఉన్న బంగారంలో కొంత 2024లో ఇంటికి తెప్పించుకుంది. వాళ్లు భయపడ్డారనే అర్థం. కానీ బంగారంతో రొయ్యల బిల్లు కట్టరు.

ప్లేనో_పప్పుచారు

7.75 శాతం సంగతి ఒప్పుకుంటున్నా :) మేడమ్, మన దేశం కూడా ఇలా డబ్బుతో పని సాధించిన కేసులు ఉన్నాయా, లేక ఎప్పుడూ బాధితులమేనా?

ఫారెక్స్‌సీటు_రిటైర్డ్

ఉన్నాయి, మనం కొట్టే వైపు తక్కువ, ఇచ్చే వైపు ఎక్కువ. 2022లో శ్రీలంక పెట్రోలుకి డాలర్లు లేక చేతులెత్తేసినప్పుడు మనం దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం సర్దాం, ఐఎంఎఫ్ వచ్చేలోపు. మాల్దీవుల్లో మన సైనికులు వెళ్లిపోవాలని ప్రచారం చేసి గెలిచిన అధ్యక్షుడు, 2024 అక్టోబరులో ఢిల్లీ వచ్చి 40 కోట్ల డాలర్లు, ఇంకో 3,000 కోట్ల రూపాయల స్వాప్ (కరెన్సీ మార్పిడి) ఒప్పందం చేసుకెళ్లాడు. మన సైనికులు మేలోనే వచ్చేశారు, సాయం తర్వాత ఇచ్చాం. ఇచ్చినందుకు ఏం వచ్చిందని అడిగితే జవాబు కాగితం మీద దొరకదు. మొహం తిప్పుకున్నవాడు మళ్లీ మన గుమ్మం తొక్కాడు.

కంకిపాడు బాబూ, జవాబు రాసేటప్పుడు క్యూబా, ఇరాన్, రష్యా అని వరసగా ఏకరువు పెట్టకండి, దిద్దేవాడికి విసుగు. సూయజ్‌లో ఆ మూడు నెలల అంకెలు, పక్కన ఫ్రాన్స్ ముందే తెచ్చుకున్న 26 కోట్లు రాయండి. చోటు మిగిలితే నంబర్ 2 ఖాతా. మీ సార్‌కి మాత్రం స్విఫ్ట్ గురించి నేనన్నానని చెప్పకండి.

భీమవరం_చెరువుగట్టు

మేతకొట్టు అప్పు సగం తీరింది మేడమ్. ఈ పంట నుంచి ఒక చెరువులో రొయ్య మానేసి చేప వేశా. కొనేది ఇక్కడివాళ్లే, అడిగేది ఒక్కటే, బతికుందా లేదా అని.